పెరటి రైలుకు ఏ సౌండ్ సిస్టమ్ కొనాలి? ముందు స్పీకర్ సంగతి చూడండి

ప్రశ్న: మాది అమెరికాలో ఒహాయో, కొలంబస్ శివారు. పోయినేడాది పెరట్లో 45 మిల్లీమీటర్ల ఇత్తడి పట్టాలు వేశాను. బాక్‌మన్ వారి టెన్‌వీలర్ ఆవిరి ఇంజన్, యూఎస్ఏ ట్రైన్స్ వారి జీపీ9 డీజిల్ ఉన్నాయి. రెండూ మామూలు డీసీ కంట్రోలర్‌తో, పట్టాల కరెంటు మీదే నడుస్తాయి. ఇప్పుడు వాటికి శబ్దం పెట్టాలని ఉంది. బడ్జెట్ 400 డాలర్లు. మా నాన్నగారు గుంతకల్లులో రైల్వే డ్రైవర్‌గా రిటైరయ్యారు. క్లీనర్‌గా చేరి, మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేసి, తర్వాత వైడీఎం4 డీజిళ్లు నడిపారు. జూన్‌లో మా దగ్గరికి వస్తున్నారు. నా ఆలోచన ఏమిటంటే, పేరున్న సౌండ్ డీకోడర్లు (ఇంజన్ లోపల కూర్చుని శబ్దం చేస్తూ, మోటార్‌నీ నడిపే సర్క్యూట్ కార్డులు) రెండు కొని, దొరికిన చిన్న స్పీకర్లు పెట్టేయడం. ఇది సరైనదేనా? బండి స్టేషన్‌లో ఆగితే శబ్దం కూడా ఆగిపోతుందంటున్నారు, నిజమేనా? వైడీఎం4 శబ్దం తెచ్చి జీపీ9లో పెట్టొచ్చా?

సమాధానం: మీ ప్లాన్‌ను తిరగేయమని చెప్తాను. ముందు స్పీకర్, అది కూర్చునే డబ్బా. ఆ తర్వాత, ఆవిరి ఇంజన్‌కైతే, చక్రంతో కలిసి పడే చఫ్, అంటే ఛుక్ ఛుక్ మనే శబ్దం. ఏ కంపెనీ కార్డు కొనాలన్నది ఈ రెండూ తేలాకే. ఇంకో మాట: జూన్‌లోపు రెండు ఇంజన్లకూ పెట్టేయాలని తొందరపడకండి. 400 డాలర్లను రెండు ముక్కలు చేస్తే రెండూ అరకొరగానే పలుకుతాయి. ఈ వేసవికి ఆవిరి ఇంజన్ ఒక్కటి బాగా చెయ్యండి. జీపీ9 ఎందుకు ఆగాలో కింద చెప్తాను.

స్పీకర్ సంగతి చదివితే అర్థం కాదు, చేత్తో పట్టుకుని వింటేనే తెలుస్తుంది. 3 అంగుళాల స్పీకర్ ఒకటి తీసుకుని, ఏదైనా చిన్న ఆంప్లిఫైయర్‌కి తగిలించి, ఫోన్‌లోంచి ఆవిరి ఇంజన్ శబ్దం పెట్టండి. స్పీకర్ ఒట్టిగా చేతిలో ఉన్నంతసేపూ శబ్దం పలచగా, గీరుగా ఉంటుంది. ఇప్పుడు దాని అంచుకు సరిపోయే ప్లాస్టిక్ డబ్బా ఏదైనా, పీవీసీ పైపు మూత లాంటిది, తెచ్చి స్పీకర్ వెనక వైపును దాని మీద కూర్చోబెట్టి చుట్టూ గట్టిగా నొక్కి పట్టండి. అదే స్పీకర్, అదే ఆంప్లిఫైయర్, అదే రికార్డింగ్. కానీ శబ్దానికి ఒక్కసారిగా కండ పడుతుంది. ఒక వేలు తీసి అంచు దగ్గర కాస్త సందు ఇవ్వండి, ఆ కండ మళ్లీ కరిగిపోతుంది.

కారణం చాలా సులువు. స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది, వెనకున్న గాలిని లాగుతుంది. ముందు నుంచి వచ్చే అల, వెనక నుంచి వచ్చే అల ఒకదానికొకటి సరిగ్గా ఎదురు. మధ్యలో అడ్డం లేకపోతే రెండూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి, ముఖ్యంగా కింది స్థాయి శబ్దాల్లో. డబ్బా చేసే పనల్లా వెనక అలను లోపలే బంధించడం. అందుకే ఎంత ఖరీదైన డీకోడర్ కొన్నా, స్పీకర్‌ను ఒట్టిగా బాయిలర్ లోపల వేలాడదీస్తే మీ డబ్బు అక్కడే ఆవిరైపోతుంది.

పెరట్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. గదిలో అయితే గోడలూ పైకప్పూ శబ్దాన్ని తిప్పి మన దగ్గరికే పంపిస్తాయి. ఆరుబయట ఆ సాయం లేదు. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఇంజన్ పక్కన 1 మీటర్ దూరంలో 75 డెసిబెల్స్ ఉంటే, 4 మీటర్ల దగ్గర 63, 8 మీటర్ల దగ్గర 57. పక్కింటి ఏసీ యూనిట్ రొద ముందు ఆ 57 ఏ మూలకీ రాదు. వాల్యూమ్ పెంచితే సరిపోదా అంటే, ఆంప్లిఫైయర్ వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. స్పీకర్ కాగితంలో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది: 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ అని. ఆ అంకె 3 ఎక్కువున్న స్పీకర్ కొన్నారంటే ఆంప్లిఫైయర్ వాట్లు రెట్టింపు చేసినంత లాభం. కొనేవాళ్లలో చాలామంది వాట్లు చూస్తారు, దీన్ని చూడరు.

మీ టెన్‌వీలర్‌కి టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) ఉండడం నిజంగా అదృష్టం. ఆవిరి ఇంజన్‌లో స్పీకర్‌కి టెండర్‌ను మించిన చోటు లేదు. పొగగొట్టం నుంచి రావాల్సిన శబ్దం వెనక బొగ్గుపెట్టె నుంచి వస్తే తేడా తెలియదా అని కొందరు అడుగుతారు. బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే తెలుస్తుంది. రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగారంటే చెవికి ఆ దూరం పట్టదు. బాయిలర్‌లో పట్టే 40 మిల్లీమీటర్ల స్పీకర్ కంటే టెండర్‌లో పట్టే 77 మిల్లీమీటర్ల స్పీకర్ వెయ్యి రెట్లు నయం.

స్పీకర్‌ను టెండర్ నేల మీద, ముఖం కిందికి ఉండేలా బిగించండి. నేలకు ముందే రంధ్రాలుంటే మంచిది, లేకపోతే దగ్గర దగ్గరగా డ్రిల్ చేసుకోండి. స్పీకర్ వెనక డబ్బాను టెండర్‌లో పట్టినంత పెద్దదిగా పెట్టండి. డబ్బా మరీ చిన్నదైతే లోపలి గాలి బిగుసుకుని కోన్‌ను కదలనివ్వదు, కింది స్థాయి మళ్లీ పోతుంది. అంచుల చుట్టూ సిలికాన్ పూయండి. వైర్లు బయటికొచ్చే రంధ్రాన్ని కూడా మర్చిపోకుండా పూడ్చండి, అంత చిన్న సందు నుంచి కూడా గాలి ఈలలా పోతుంది. కోన్ కాగితంది వద్దు, ప్లాస్టిక్ లేదా మైలార్ కోన్ తీసుకోండి. ఒహాయో వేసవి తేమకీ, పొద్దుటి మంచు తడికీ కాగితం ఓర్చుకోదు. ఇంకొకటి, కిందికి చూసే స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి పట్టాల మధ్య కంకరలో ఇనుప రజను ఏ కాస్త ఉన్నా లాక్కుని కోన్‌కి అంటించుకుంటుంది. రంధ్రాల మీద స్పీకర్ బట్ట ఒక పొర అతికించండి. నోటితో ఊదితే గాలి అవతలికి వెళ్లే పలచటి బట్ట ఏదైనా పనికొస్తుంది.

ఓమ్‌ల లెక్క తప్పకండి. కార్డు కాగితంలో 8 ఓమ్ అని ఉంటే 8 ఓమ్ స్పీకరే పెట్టాలి. 8 ఓమ్ స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓమ్ అవుతుంది, ఆంప్లిఫైయర్ కాలిపోవచ్చు. వరసగా కలిపితే 16, ప్రమాదం లేదు కానీ శబ్దం తగ్గుతుంది. రెండు పెట్టేటప్పుడు రెండు కోన్లూ ఒకే దిక్కుకి కదలాలి. 1.5 వోల్ట్ బ్యాటరీని తీగలకి ఒక్క క్షణం తాకించి, కోన్ బయటికి పొంగినప్పుడు బ్యాటరీ ప్లస్ ఏ తీగకి తాకిందో చూసి, ఆ తీగకి రంగు వేసుకోండి.

ఇక చఫ్. మీ నాన్నగారు ఫైర్‌మన్‌గా చేశారన్నారు. అంటే మీ పెరట్లో బండి కదిలిన మొదటి గజంలోనే ఆయన చెవి పట్టేసేది ఇదే. రెండు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో పిస్టన్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా ఆవిరితో పనిచేస్తుంది, రెండు వైపుల క్రాంకులూ ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాలో ఉంటాయి. అందుకే పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు చఫ్‌లు, సమాన దూరంలో. ఆయన పనిచేసిన వైపీ, వైజీ మీటర్ గేజ్ ఇంజన్లూ అంతే, మీ టెన్‌వీలర్ అసలు ఇంజన్ కూడా అంతే. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు మూడు పడ్డా, అయిదు పడ్డా, చక్రానికి సంబంధం లేకుండా దాని దారిన అది కొట్టుకుంటున్నా, తెలియనివాళ్లు సర్దుకుపోతారేమో. కడ్డీల కదలికతో కలిపి ఆ శబ్దాన్ని ఏళ్ల తరబడి విన్న మనిషికి అది భరించలేనట్టు ఉంటుంది.

చవక కార్డులు కొన్ని మోటార్‌కి వెళ్లే వోల్టేజీ చూసి చఫ్ వేగం అంచనా వేస్తాయి. చదును మీద సర్దుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వోల్టేజీ అంతే ఉండి వేగం తగ్గుతుంది, చఫ్ మాత్రం పాత వేగంలోనే పోతుంది. కాబట్టి ఇరుసుకి అయస్కాంతాలు అతికించి, పక్కన రీడ్ స్విచ్ పెట్టే పద్ధతే ఎంచుకోండి. అయస్కాంతం దగ్గరికొచ్చిన ప్రతిసారీ స్విచ్ మూసుకుంటుంది, కార్డు ఒక చఫ్ వేస్తుంది. చక్రం ఆగితే చఫ్ ఆగుతుంది.

అయితే సన్నటి ఇరుసు చుట్టూ నాలుగు అయస్కాంతాలు పెడితే అవి మరీ దగ్గరై స్విచ్ తెరుచుకోకుండా ఉండిపోవచ్చు. దీనికి టెండర్ చక్రాల్లోనే దారి ఉంది. ఉదాహరణకి పెద్ద చక్రం వ్యాసం 60 మిల్లీమీటర్లు, టెండర్ చక్రం 30 అనుకోండి. పెద్దది ఒక చుట్టు తిరిగేలోపు చిన్నది రెండు చుట్లు తిరుగుతుంది. కాబట్టి టెండర్ ఇరుసు మీద రెండే అయస్కాంతాలు ఎదురెదురుగా పెడితే నాలుగు చఫ్‌లూ లెక్క ప్రకారం వస్తాయి. స్విచ్, కార్డు, స్పీకర్ అన్నీ టెండర్‌లోనే ఉంటాయి, ఇంజన్‌కీ టెండర్‌కీ మధ్య తీగలు తగ్గుతాయి. మీ చక్రాల వ్యాసాలు కాలిపర్‌తో కొలవండి. నిష్పత్తి కొద్దిగా తేడాగా ఉన్నా చెవికి పట్టదు, బాగా తేడాగా ఉంటే మాత్రం పెద్ద చక్రాల ఇరుసు మీదికే వెళ్లండి. అదే 60 మిల్లీమీటర్ల లెక్కన చక్రం చుట్టుకొలత 188 మిల్లీమీటర్లు, అంటే బండి 47 మిల్లీమీటర్లు జరిగిన ప్రతిసారీ ఒక చఫ్. సెకనుకు 25 సెంటీమీటర్లు నడిపితే 1:22.5 లెక్కలో (అసలు బండిలో 22.5వ వంతు కొలత) అది గంటకు 20 కిలోమీటర్లు, సెకనుకు అయిదు చఫ్‌లకు కాస్త ఎక్కువ. వినడానికి హాయిగా ఉండే వేగం అదే. దానికి రెట్టింపు నడిపితే చఫ్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చాలామంది పెరటి బండ్లను అవసరానికి మించి వేగంగా తిప్పుతారు, శబ్దం పెట్టాక ఆ తప్పు చెవికి వినిపించి వాళ్లంతట వాళ్లే తగ్గిస్తారు.

ఈ రెండూ తేలాయి కాబట్టి కార్డు ఎంపిక తేలిక. మీరు డీసీ మీద నడుపుతున్నారు, డీసీసీకి (పట్టాల కరెంటు మీదే డిజిటల్ ఆజ్ఞలు పంపి ఒక్కో ఇంజన్‌నీ విడిగా నడిపే పద్ధతి) మారాలని ఇంకా అనుకోలేదు. డీసీసీ డీకోడర్లు మామూలు డీసీ మీద కూడా కదులుతాయి, కానీ అవి మేలుకోవడానికే కొన్ని వోల్టులు పోతాయి, మీరు మీట నొక్కి కూత వేయించే వీలుండదు. డబ్బంతా పెట్టి సగం గుణమే వాడుకున్నట్టవుతుంది. అందుకని టెన్‌వీలర్‌కి శబ్దం మాత్రమే చేసే కార్డు కొనండి. మైలోకోసౌండ్ లాంటివి ఈ పనికే ఉన్నాయి. డీసీ మీదా, బ్యాటరీ మీదా పనిచేస్తాయి, టీవీ రిమోట్ లాంటి దానితో వాల్యూమ్, కూత స్వరం సర్దుకోవచ్చు. మోటార్ జోలికి పోవు. చఫ్ కోసం, కూత కోసం స్విచ్ తగిలించే చోట్లు ఉన్నాయో లేదో కొనే ముందు కార్డు కాగితం చదివి చూసుకోండి. కార్డు మీద మిగిలే డబ్బును స్పీకర్ మీద పెట్టండి. రేపు డీసీసీకి మారినా టెండర్‌లోని స్పీకర్, డబ్బా, అయస్కాంతాలు అలాగే ఉంటాయి, మార్చాల్సింది కార్డు ఒక్కటే.

కూతకి ఒక మంచి ఏర్పాటు ఉంది. టెండర్ కింద ఇంకో రీడ్ స్విచ్ బిగించి, పట్టాల మధ్య మీకు కావలసిన చోట ఒక అయస్కాంతం పెడితే, బండి దాని మీదుగా వెళ్లగానే కూస్తుంది. చఫ్ స్విచ్‌కీ దీనికీ ఎడం ఉంచండి, లేకపోతే ఒకదాని అయస్కాంతం ఇంకోదాన్ని మూసేస్తుంది. ఆ చోట మన దగ్గర లెవెల్ క్రాసింగ్‌కి ముందు ఉండే పసుపుపచ్చ డబ్ల్యూ/ఎల్ బోర్డు (కూత వేయమని డ్రైవర్‌కి చెప్పేది) చిన్నది చేసి పాతండి. అమెరికాలో అదే చోట రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు కూతలు వేస్తారు. మీ నాన్నగారి అలవాటు ఒకటే సుదీర్ఘమైన కూత. ఏది పెట్టాలో మీ ఇష్టం, నన్నడిగితే ఆయనదే.

ఆగితే శబ్దం ఆగిపోతుందా అన్నారు. డీసీలో అవును. బండి ఆగడమంటే పట్టాల్లో వోల్టేజీ సున్నా కావడం, కార్డుకి తిండి ఉండదు. స్టేషన్‌లో నిలబడ్డ ఇంజన్ బుసలు కొడుతూ, పంపు టకటకలాడుతూ ఉండాలంటే టెండర్‌లో కార్డుకి విడిగా చిన్న బ్యాటరీ ఉండాలి. కార్డు కాగితంలో చెప్పిన వోల్టేజీనే వాడండి, బ్యాటరీకి ఫ్యూజు, బయటికి అందే స్విచ్ తప్పనిసరి. పట్టాల మీద మురికి చేరి కరెంటు తెగి తెగి వచ్చినప్పుడు శబ్దం తడబడకుండా కాపాడేది కూడా ఇదే. లిథియం అయాన్ అయితే చలికాలం గరాజ్‌లో సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జ్ చేయకండి, సెల్ లోపల పాడైపోతుంది. ఇంట్లోకి తెచ్చి కాస్త వెచ్చబడ్డాక పెట్టండి. ఇంకో జాగ్రత్త: మీ కంట్రోలర్ నిఖార్సైన డీసీ ఇస్తుందా, పల్సులుగా కోసి ఇస్తుందా చూసుకోండి. పల్సులైతే కొన్ని సౌండ్ కార్డులు గందరగోళపడి గురగురమంటాయి.

ఇప్పుడు జీపీ9. దీన్ని ఆపమనడానికి కారణం ఉంది. ఆవిరి ఇంజన్ శబ్దంలో ప్రాణం సమయంలో ఉంది, దాన్ని చవక కార్డు కూడా అయస్కాంతాల సాయంతో పట్టుకోగలదు. డీజిల్ శబ్దంలో ప్రాణం రికార్డింగ్‌లోనూ, ఇంజన్ నాచ్‌కీ (డ్రైవర్ శక్తిని మెట్టు మెట్టుగా పెంచే స్థానం) బండి వేగానికీ మధ్య ఉండే తేడాలోనూ ఉంది. డ్రైవర్ నాచ్ పెంచగానే ఇంజన్ ముందు గర్జిస్తుంది, బండి తర్వాత కదులుతుంది. దిగుడులో బండి వేగంగానే ఉంటుంది, ఇంజన్ ఐడిల్‌కి, అంటే బరువు లాగకుండా ఊరికే తిరిగే స్థితికి, పడిపోతుంది. వేగానికి తగ్గట్టు హెచ్చుతగ్గులయ్యే చవక కార్డులో ఈ బరువు రాదు, పెద్ద ఫ్యాను తిరిగినట్టుంటుంది. డీజిళ్లు నడిపిన మనిషి ముందు అది పెట్టకపోవడమే మంచిది.

జీపీ9లో ఉన్నది ఈఎండీ కంపెనీ వారి 567, 16 సిలిండర్ల రెండు స్ట్రోకుల ఇంజన్. ఐడిల్‌లో నిమిషానికి సుమారు 275 చుట్లు. రెండు స్ట్రోకులు కాబట్టి ప్రతి చుట్టులోనూ 16 సిలిండర్లూ పేలుతాయి, లెక్క కడితే సెకనుకు 73 పేలుళ్లు. అంటే ఆ శబ్దం అడుగు 73 హెర్ట్జ్ దగ్గర ఉంది. బొమ్మ ఇంజన్‌లో పట్టే ఏ స్పీకరూ అంత కిందికి గట్టిగా పలకలేదు. అయినా మన చెవి, పై హార్మోనిక్‌లు (అడుగు స్వరానికి రెట్టింపు, మూడింతలు వగైరా స్వరాలు) స్పష్టంగా అందితే, అడుగు స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. అందుకు స్పీకర్ కనీసం 150, 200 హెర్ట్జ్ నుంచైనా నిండుగా పలకాలి. ఇంత చెప్పినా తేలేది ముందు మాటే: పెద్ద కోన్, మూసిన డబ్బా. ఇంధన ట్యాంకులో చోటుందేమో విప్పి చూడండి, లేకపోతే పొడవాటి హుడ్ లోపల దీర్ఘచతురస్రపు స్పీకర్ పెట్టొచ్చు.

దీనికి డీసీసీకో, బ్యాటరీతో నడిచి రేడియో రిమోట్‌తో అదుపయ్యే పద్ధతికో మారినప్పుడు అసలైన డీకోడర్ కొనండి. జర్మనీ ఈఎస్‌యూ వారి లోక్‌సౌండ్ 5 ఎక్స్‌ఎల్, వియన్నాలోని జిమో వారి పెద్ద స్కేలు డీకోడర్లు, మాసోత్ వారివి, కొలరాడోలోని డురాంగోలో ఉన్న సౌండ్‌ట్రాక్స్ వారి సునామీ2 పెద్ద రకం, ఇవన్నీ ఈ పనికి తగినవే. కొనే ముందు ఒక కొలత తప్పదు. అమ్మీటర్ వరసలో పెట్టి, మీరు నడిపే గరిష్ఠ వోల్టేజీలో జీపీ9 చక్రాలను ఒక్క క్షణం కదలకుండా పట్టి, ఎన్ని ఆంపియర్లు లాగుతుందో రాసుకోండి. డీకోడర్ సామర్థ్యం దానికంటే పైన ఉండాలి. చిన్న స్కేలు డీకోడర్లు చవగ్గా దొరుకుతున్నాయని ఇందులో పెడితే, మొదటిసారి బండి ఇరుక్కున్నప్పుడే పొగ వస్తుంది.

వైడీఎం4 శబ్దం జీపీ9లో పెట్టొచ్చా అన్న ప్రశ్నకి: పెట్టొచ్చు, పెట్టవద్దంటాను. వైడీఎం4 అమెరికా కంపెనీ ఆల్కో డిజైన్, అందులోది వరసగా 6 సిలిండర్లున్న 251 ఇంజన్, నాలుగు స్ట్రోకులు. ఐడిల్‌లో 400 చుట్లకి సెకనుకు 20 పేలుళ్లే. అందుకే అది దడదడమంటూ విడివిడిగా కొట్టుకుంటుంది, ఈఎండీ మాత్రం ఒకే ధారగా మూలుగుతుంది. కంటికి జీపీ9, చెవికి గుంతకల్లు షెడ్డు అంటే మొదటి రోజు సరదాగా ఉంటుంది, తర్వాత మీకే ఎబ్బెట్టుగా తోస్తుంది, నాన్నగారికి మొదటి నిమిషంలోనే తోస్తుంది. పైగా మీరు గమనించారో లేదో, మీటర్ గేజ్‌ను 22.5తో భాగిస్తే 44.4 మిల్లీమీటర్లు. మీ పెరట్లో ఉన్నది 45. అంటే మన మీటర్ గేజ్ ఇంజన్‌కి మీ పట్టాలు దాదాపు సరిగ్గా సరిపోతాయి. ప్లాస్టిక్ షీట్లతో బాడీ కట్టే ఓపిక ఉంటే, రెండు మోటార్ బోగీలు కొని 1:22.5లో వైడీఎం4 బాడీ ఒకటి మొదలుపెట్టండి. ఆ శబ్దం ఉండాల్సింది దాంట్లో. కొలతలకీ రంగుకీ నాన్నగారి కంటే మంచి సలహాదారు మీకు దొరకరు.

ఆ శబ్దం వెతికేటప్పుడు ‘ఆల్కో’ అన్న పేరు ఒక్కటే చూసి తీసుకోకండి. అమెరికాలో బాగా తెలిసిన ఆర్ఎస్3 కూడా ఆల్కోనే, కానీ దాంట్లోది 12 సిలిండర్ల 244. మీకు కావలసింది 251, అందులోనూ 6 సిలిండర్లది. ఆల్కో ఎస్6 షంటింగ్ ఇంజన్‌లో ఉన్నది ఆ కుటుంబమే, దాని పేరుతో వెతకండి. మన బ్రాడ్ గేజ్ డబ్ల్యూడీఎం2లోది 16 సిలిండర్ల 251, దాని తీరు వేరు. లోక్‌సౌండ్‌లో అయితే లోక్‌ప్రోగ్రామర్ అనే పరికరం విడిగా కొనుక్కుని సొంత రికార్డింగులు కూడా ఎక్కించుకోవచ్చు. సునామీ2లో ఆ వీలు లేదు, ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి. మీ దగ్గర పాత ఫోన్ రికార్డింగులు ఉంటే వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఫోన్ తనంతట తానే వాల్యూమ్ పైకీ కిందికీ సర్దేస్తుంది, ప్లాట్‌ఫారం రొద కలిసిపోతుంది. ఐడిల్, ఒక్కో నాచ్, ఒక నాచ్ నుంచి ఇంకో నాచ్‌కి ఎక్కే క్షణం విడివిడిగా, శుభ్రంగా ఉంటేనే డీకోడర్‌కి పనికొస్తాయి. హారన్ మాత్రం శుభ్రంగా దొరికితే దాచండి. మన ఇంజన్ల రెండు స్వరాల హారన్ వింటే ఇంజన్ చూడకుండానే మనవాళ్లు గుర్తుపడతారు.

వాల్యూమ్ గురించి కొద్దిగా. పెట్టె విప్పి తగిలించగానే ఏ కార్డైనా కావలసినదానికంటే గట్టిగానే అరుస్తుంది. లోక్‌సౌండ్‌లో మొత్తం వాల్యూమ్ సీవీ 63లో (సీవీ అంటే డీకోడర్‌లో మార్చుకోగల సెట్టింగ్ నంబరు) ఉంటుంది, మైలోకోసౌండ్‌లో రిమోట్‌తో తగ్గించుకోవచ్చు. మీరు కూర్చునే చోట మామూలుగా మాట్లాడుకుంటుంటే చఫ్ వినపడాలి, మాట ఆపాల్సిన అవసరం రాకూడదు. కూత చఫ్ కంటే కాస్త పైన, అంతే. పక్కింటివాళ్ల కంచె దగ్గర నిలబడి ఒకసారి మీరే వినండి. వయసు పైబడినవాళ్లకు, అందులోనూ ఇంజన్ల పక్కన ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ముందు తగ్గేది సన్నటి, పై స్థాయి శబ్దాల వినికిడి. నాన్నగారికి వినపడలేదని వాల్యూమ్ తిప్పేస్తే గీరుడు శబ్దం మాత్రమే పెరుగుతుంది. ఆయన కుర్చీని పట్టాలకు రెండు మీటర్ల లోపు, వీలైతే ఎత్తు ఎక్కే మలుపు దగ్గర వేయండి. పెద్ద స్పీకర్‌లో మధ్య స్థాయి నిండుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆయనకి చఫ్ బాగా అందుతుంది.

పనుల వరస ఇలా పెట్టుకోండి. ఈ వారం టెండర్ విప్పి లోపలి కొలతలు, చక్రాల వ్యాసాలు రాసుకోండి. వాటిని బట్టి స్పీకర్ కొని, డబ్బా కట్టి, కార్డు లేకుండానే ఫోన్, ఆంప్లిఫైయర్‌తో పెరట్లో పెట్టి వినండి. అది మీకు నచ్చేదాకా కార్డు ఆర్డర్ చేయకండి. మే నెలలో కార్డు, అయస్కాంతాలు, బ్యాటరీ పెట్టండి. మిగిలిన డబ్బు జీపీ9 డీకోడర్‌కి పక్కన పెట్టండి. వైడీఎం4 బాడీ కోసం ఏ డీజిల్ శబ్దం ఫైల్ తీసుకోవాలన్నది జూన్ దాకా తేల్చకండి. 251 పేరుతో దొరికిన నమూనాలన్నీ నాన్నగారికి హెడ్‌ఫోన్లలో ఒక్కొక్కటే వినిపించండి. ఐడిల్ ఎక్కువగా ఉందనో, నాచ్ ఎక్కడంలో టర్బో ఆలస్యం చాలడం లేదనో ఆయన అంటే, డీకోడర్ కాగితం ఏం చెప్పినా సరే, ఆయన చెప్పినట్టే మార్చండి.